చెక్ ఇంజన్ లైటు పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో పాత కారు నడిపే మన సాఫ్టువేరు జనాలకి రెండంటే భయం. ఒకటి శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ నుంచి వచ్చే ఫోను, రెండోది డ్యాష్‌బోర్డు మీద వెలిగే పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ. రెండిట్లోనూ బాధ ఒకటే. ఏదో తేడా వచ్చిందని తెలుస్తుంది గానీ ఎక్కడొచ్చిందో తెలీదు. ఇక పాత స్పోర్ట్స్ కారు మోజులో పడ్డవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కారు కొన్నది ఒక రేటుకి, ఆ లైటు ఆర్పడానికి తగలేసింది ఇంకో రేటుకి.

ఈ టపా ఆ లైటు చరిత్ర గురించి. కారు బాగుచేసుకోడానికి చరిత్ర ఎందుకయ్యా అంటారా? ఆ లైటు ఎందుకు పుట్టిందో తెలియకపోవడం వల్లే దాన్ని తప్పుగా చదువుతున్నామని నా గట్టి నమ్మకం. ఉదాహరణకి షెవర్లే కొర్వెట్‌ని తీసుకుంటాను. 1953 నుంచి వస్తున్న కారు కాబట్టి ఈ కథలో ప్రతి మలుపూ దాని ఒంటి మీద మచ్చలా కనిపిస్తుంది.

కథ మొదలయ్యేది లాస్ ఏంజలస్ ఆకాశంలో. 1943 జులై 26న ఆ ఊరి మీద ఘాటైన పొగ కమ్మింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి, కాస్త దూరంలో ఉన్నది కూడా కనబడలేదు. యుద్ధం రోజులు కదా, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కొందరు హడలిపోయారు. తర్వాత అనుమానం కృత్రిమ రబ్బరుకి కావలసిన రసాయనం తయారుచేసే ఒక ప్లాంటు మీదకి పోయింది. దాన్ని కొన్నాళ్ళు ఆపించారు. పొగ మాత్రం పోలేదు! అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అసలు దోషిని పట్టుకున్నది కాల్టెక్‌లో పనిచేసే ఏరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త. ఈయన అప్పటిదాకా అనాసపండుకి ఆ రుచీ వాసనా ఏ పదార్థాల వల్ల వస్తాయో పరిశోధిస్తున్నాడు. అదే ఒడుపుతో ఊళ్ళో గాలిని పట్టి చూశాడు. పెట్రోలులోంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి ఎండ తగిలితే ఓజోన్ పుడుతుందని 1950ల మొదట్లో తేల్చాడు. అంటే కారు గొట్టంలోంచి వచ్చేటప్పుడు కంటికి కనబడనిది, మధ్యాహ్నానికి ఊరంతా పొగై కూర్చుంటుంది. చమురు కంపెనీలకీ కార్ల కంపెనీలకీ ఇది మింగుడు పడలేదు. అయినా చివరికి ఈయన మాటే నిలిచింది. 1967లో కాలిఫోర్నియా వాళ్ళు గాలి కాలుష్యం మీద ఒక రాష్ట్ర బోర్డు పెట్టుకున్నప్పుడు దానికి తొలి అధ్యక్షుడు కూడా ఈయనే అయ్యాడు.

1970 చివర్లో నిక్సన్ సంతకంతో కేంద్ర చట్టం వచ్చింది. కార్ల విషవాయువులు 90 శాతం తగ్గాలి అన్నారు. 1975 మోడళ్ళకొచ్చేసరికి అమెరికాలో చాలా కార్లకి పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా వచ్చి చేరింది. సీసం తగిలితే ఆ డబ్బా చచ్చిపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా బంకుల్లోకొచ్చింది.

మరి కొర్వెట్ సంగతి? 1970లో 5.7 లీటర్ల ఎల్‌టీ-1 ఇంజన్‌కి 370 గుర్రాలని రాసుకున్న కంపెనీ, 1975లో అదే 5.7 లీటర్ల మామూలు ఇంజన్‌కి 165 అని రాసుకోవాల్సి వచ్చింది. 1972లో కొలిచే పద్ధతే మారింది, పైగా అవి రెండూ వేరువేరు రకాలు. కాబట్టి ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు. అయినా పతనం నిజం. చూడ్డానికి పులి, పరిగెత్తించి చూస్తే పిల్లి. పాత స్పోర్ట్స్ కార్ల ప్రేమికులు ఇప్పటికీ ఆ పదేళ్ళని తిట్టుకుంటూనే ఉంటారు.

ఇక్కడే అసలు మలుపు ఉంది. మొదటి తరం కన్వర్టర్లు కార్బన్ మోనాక్సైడునీ హైడ్రోకార్బన్లనీ కాల్చేవి, అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లని కూడా విరగ్గొట్టే కొత్తరకం డబ్బా సరిగ్గా పనిచెయ్యాలంటే ఒక పెట్రోలు పాలుకి 14.7 పాళ్ళ గాలి కలవాలి, అదీ బరువులో. కాస్త అటు వంగితే ఒక విషం మిగులుతుంది, ఇటు వంగితే ఇంకోటి. కార్బురేటర్ అంటే కంటికొలతతో ఉప్పేసే వంటమనిషి లాంటిది. రుచి బానే ఉంటుంది గానీ గ్రాముల్లో లెక్క అడిగితే చెప్పలేదు. ఎండకీ చలికీ, కొండ మీదకీ కిందకీ ఆ నిష్పత్తిని పట్టి ఉంచడం దానివల్ల కాదు.

దానికి మందు ఆక్సిజన్ సెన్సార్. బాష్ వాళ్ళు చేసిన ఈ సెన్సార్‌ని 1977 మోడల్‌లో వోల్వో కాలిఫోర్నియా కార్లకి పెట్టింది. పొగలో ఆక్సిజన్ ఎక్కువుంటే ఇది 0.1 వోల్టు దగ్గర ఉంటుంది, తక్కువుంటే 0.9 దాకా పోతుంది. మరి ఆ వోల్టులు చూసి సెకనుకి కొన్నిసార్లు పెట్రోలు సర్దాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా? అలా కారులోకి కంప్యూటర్ వచ్చింది. అంటే కారుకి బుర్ర వచ్చింది వేగం కోసం కాదండీ, పొగ కోసం!

1980లో కాలిఫోర్నియాలో అమ్మిన కొర్వెట్లకీ, 1981లో మిగతా అన్ని రాష్ట్రాల్లో అమ్మినవాటికీ ఈ కంప్యూటర్ వచ్చింది. కొత్త చిక్కు కూడా దాంతోనే వచ్చింది. పాత మెకానిక్ చెవితో వినేవాడు, ముక్కుతో వాసన చూసేవాడు, స్క్రూ తిప్పేవాడు. ఇప్పుడు సెన్సార్ చచ్చిపోయినా కంప్యూటర్ ఏదో ఒక ఊహాసంఖ్య వేసుకుని బండిని ఇంటికి చేరుస్తుంది. డ్రైవరుకి తేడా తెలీదు, ఊరి గాలికి మాత్రం తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఎక్సెప్షన్‌ని పట్టుకుని మింగేసి డిఫాల్ట్ విలువతో ముందుకెళ్ళిపోవడం. అలా మింగినప్పుడు కనీసం లాగ్‌లో ఒక ముక్క రాయాలిగా? ఆ ముక్కే చెక్ ఇంజన్ లైటు.

నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. 1980ల కొర్వెట్‌లో ఆ లాగ్ చదవడానికి కావలసిన పరికరం ఒక పేపర్ క్లిప్. డ్యాష్‌బోర్డు కింద 12 గదుల సాకెట్ ఒకటి ఉంటుంది. అందులో ఏ, బీ అనే రెండు గదుల్ని క్లిప్‌తో కలిపి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చేస్తే చాలు, ఆ లైటే మాట్లాడటం మొదలెడుతుంది. ఒకసారి మిణుకు, కాస్త విరామం, రెండుసార్లు మిణుకు. అంటే 12. ఇలా మూడుసార్లు చెప్తుంది. 12 అంటే డిస్ట్రిబ్యూటర్ నుంచి సంకేతం రావట్లేదని. ఇంజన్ తిరగట్లేదు కాబట్టి రాదు, అది సహజం. అంటే కంప్యూటర్ ప్రాణంతో ఉంది, మాట్లాడగలదు అని అర్థం. మన హలో వరల్డ్ లాంటిదన్నమాట. ఆ తర్వాత దాచుకున్న తప్పులు ఒక్కోటి మూడేసిసార్లు చెప్పి, మళ్ళీ 12 దగ్గరకొస్తుంది. 1980ల చివరి కొర్వెట్లలో ఇంజన్ నడిపే ప్రోగ్రామూ, దాని పట్టికలూ అన్నీ కలిపి పట్టేది 16 కిలోబైట్ల చిప్పులో. ఈరోజు ఒక ఈమెయిల్ సంతకంలో కంపెనీ బొమ్మ అంతకంటే పెద్దదుంటుంది.

సరే, లైటు 44 అని మిణుకుమంది అనుకుందాం. పుస్తకంలో చూస్తే ఆక్సిజన్ సెన్సార్ ప్రకారం మిశ్రమంలో గాలి ఎక్కువైందని ఉంటుంది. ఇక్కడే నూటికి తొంభై మంది తప్పటడుగేస్తారు. కోడ్‌లో సెన్సార్ పేరుంది కాబట్టి సెన్సార్ మార్చేస్తారు. సెన్సార్ నిజమే చెప్తోందేమో అని ఒక్క క్షణం ఆగరు. గాలి పీల్చుకునే రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లి ఉండొచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు. ఇంజెక్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. సెన్సార్ ముందు పొగగొట్టానికి చిన్న బీట ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది. ఇంకా వింత ఏంటంటే, ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ పడకపోతే అందులో పెట్రోలు కాలకుండా మిగులుతుంది కదా, మరి పెట్రోలు ఎక్కువైందని చెప్పాలి కదా? చెప్పదు. కాలని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సార్‌కి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. కాబట్టి గాలి ఎక్కువైందనే అంటుంది. పైగా ఎనిమిది సిలిండర్ల 1985 కొర్వెట్‌కి ఉన్నది ఒకే ఒక్క ఆక్సిజన్ సెన్సార్.

ఎర్రర్ మెసేజ్ వచ్చిన లైను దగ్గరే బగ్ ఉండాలని రూలేమీ లేదని మనకి మొదటి ఏడాది ఉద్యోగంలోనే తెలుస్తుంది. నల్ పాయింటర్ పేలింది 400వ లైనులో అయితే, నల్ పుట్టింది ఇంకెక్కడో. అదే మనం కారు దగ్గరకొచ్చేసరికి ఆ తెలివంతా పార్కింగ్ లాట్‌లో వదిలేస్తాం. మా ఆఫీసులో ఒక మిత్రుడు పాత రెండు సీట్ల కారొకటి మోజుపడి కొన్నాడు. లైటు వెలిగింది, గాలి ఎక్కువైందనే కోడ్. ఒక గ్యారేజీ వాళ్ళు సెన్సార్ మార్చారు. లైటు మళ్ళీ వెలిగింది. గాలి కొలిచే మీటరు మార్చారు, మళ్ళీ వెలిగింది. పెట్రోలు పంపు దాకా వెళ్ళారు. చివరికి ఇంకో పెద్దాయన గాలిగొట్టాల్లోకి పొగ పంపించి చూస్తే, పది డాలర్లు చెయ్యని ఒక రబ్బరు గొట్టం అడుగున చీలిక లోంచి పొగ సన్నగా పైకి లేచిందట. లాస్ ఏంజలస్‌లో రబ్బరు ప్లాంటు మూయించిన కథ మళ్ళీ జరిగింది, అంతే.

చరిత్రలోకి తిరిగొద్దాం. ఒక్కో కంపెనీది ఒక్కో భాషైపోయింది. ఒకరి సాకెట్ ఇంకొకరికి పట్టదు, ఒకరి 44 ఇంకొకరికి 44 కాదు. 1985లో కాలిఫోర్నియా బోర్డు ఒక నియమం చేసి, 1988 మోడళ్ళ నుంచి కారు తన కాలుష్య పరికరాల్ని తనే పరీక్షించుకోవాలి, తేడా ఉంటే లైటు వెయ్యాలి అంది. దీన్ని తర్వాత ఓబీడీ-1 అన్నారు. కానీ ఇందులో పెద్ద లొసుగుంది. వైరు తెగితే తెలుస్తుంది గానీ, కన్వర్టర్ పూర్తిగా అరిగిపోయినా తెలీదు. సర్వర్ పింగ్‌కి జవాబిస్తోంది కాబట్టి అప్లికేషన్ బావుందనుకోవడం లాంటిది.

1989లో బోర్డు రెండో తరం నియమాలు చేసింది. 1990లో కేంద్ర చట్టం సవరణ కూడా తోడై, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అందరికీ ఒకే 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు. నాలుగో తరం కొర్వెట్‌కి 1996 చివరి ఏడాది, ఓబీడీ-2 ఉన్న ఏకైక ఏడాదీ అదే. 1994, 95 కొర్వెట్‌లు చూసి మోసపోకండి. సాకెట్ 16 పిన్నులదే గానీ లోపలి భాష పాతదే. మామూలు స్కానర్ పెట్టి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊదుకోవడమే.

ఓబీడీ-2 రాసినవాళ్ళ తెలివికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. కన్వర్టర్ బతికుందో లేదో చూడ్డానికి దాని వెనక ఇంకో ఆక్సిజన్ సెన్సార్ పెట్టారు. కన్వర్టర్ బావుంటే ముందు సెన్సార్ ఊగుతుంది, వెనకది నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానితో పాటు ఊగడం మొదలెడితే డబ్బా పనైపోయినట్టే. అదే ప్రసిద్ధికెక్కిన పి0420. సిలిండర్ పేలకపోతే క్రాంక్‌షాఫ్ట్ వేగం లిప్తపాటు తగ్గుతుంది. దాన్ని లెక్కగట్టి ఏ సిలిండరో కూడా చెప్తుంది. ఒక్కసారి తప్పు కనబడగానే అరవకుండా, చాలా తప్పుల విషయంలో రెండో ప్రయాణంలోనూ కనబడితేనే లైటు వేస్తుంది. వరసగా మూడు ప్రయాణాల్లో బాగుంటే తనే ఆర్పేస్తుంది. తప్పు జరిగిన క్షణంలో వేగమెంత, వేడెంత అని ఒక ఫోటో కూడా తీసి దాచుకుంటుంది. కోర్ డంప్! లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం కాలని పెట్రోలు కన్వర్టర్‌ని తగలబెడుతోందని అర్థం. వెంటనే కాలు ఎత్తెయ్యాలి.

అన్నట్టు, కొర్వెట్ గుర్రాల సంగతి మధ్యలో వదిలేశాను. 1985లో కంప్యూటర్ నడిపే కొత్త ఇంజెక్షన్‌తో 230, 1992లో 300. 1996లో ఎల్‌టీ-4 ఇంజన్‌తో 330. పొగ తగ్గించడానికొచ్చిన కంప్యూటరే పోయిన బలాన్ని తిరిగి తెచ్చింది. నిష్పత్తిని కొలిచి పోస్తే పొగా తగ్గుతుంది, వృధా కూడా తగ్గుతుంది మరి. చట్టాలు స్పోర్ట్స్ కార్లని చంపేశాయని వాపోయేవాళ్ళు ఈ సగం కథ ఎందుకో చెప్పరు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా అదే లైటు, కన్వర్టర్ చచ్చినా అదే లైటు. పెట్రోలు ఆవిరి మిల్లీమీటరు కన్నం లోంచి పోయినా పట్టుకోవాలని నియమం. ఓజోన్ కథ తెలిస్తే అది సబబే అనిపిస్తుంది. కానీ నాలుగుసార్లు మూత కోసం వెలిగాక ఐదోసారి నిజంగా పులొచ్చినా ఎవరు నమ్ముతారు? నల్ల టేపు ముక్క అంటించి తిరిగేవాళ్ళు అలాగే పుట్టారు.

ఇంకా పెద్ద దెబ్బ 2015లో తగిలింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో సాఫ్టువేరు, పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దు మించి వదిలేదని ఆ సెప్టెంబరులో బయటపడింది. ఆ కార్లలోనూ ఓబీడీ ఉంది. లైటు వెలగలేదు. ఎందుకు వెలుగుతుంది, తప్పు చేసేదీ, తప్పు చూసేదీ ఒకే ప్రోగ్రామైనప్పుడు? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. పరికరాలు చెడిపోతే పట్టుకోవడానికి ఆ లైటుని కనిపెట్టారు. రాసేవాడి బుద్ధి చెడితే పట్టుకునే సెన్సార్ అందులో లేదు. ఆ కోడ్ రాసింది మనలాంటి ఇంజనీర్లేనని తలుచుకున్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది.

మన దేశంలో ఇదే కథ కాస్త ఆలస్యంగా నడిచింది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్లు, 2000 ఫిబ్రవరికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాయి. ఆ రోజుల్లో కార్ల వెనకాల ఎం.పి.ఎఫ్.ఐ. అని గర్వంగా అంటించుకునేవారు, గుర్తుందా? ఆ నాలుగక్షరాల వెనక ఉన్నది ఈ పొగ కథే. హైదరాబాదుతో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 వచ్చినప్పుడు మొదటి తరం ఓబీడీ వచ్చింది, 2013 ఏప్రిల్‌లో రెండో తరం. కాబట్టి ఇప్పుడు అమీర్‌పేటలో తిరిగే కారులోనూ ఆ లైటు వెనక ఉన్నది హాగెన్-స్మిట్ గారి ఓజోనే.

మరి ఇప్పుడు పాత స్పోర్ట్స్ కారులో లైటు వెలిగితే ఏం చెయ్యాలి? నా మటుకు నాకు వరస ఇది. ముందు కోడ్ రాసుకోండి, చెరిపెయ్యకండి. బ్యాటరీ వైరు పీకితే లైటు ఆరుతుంది గానీ, దాంతో పాటు కారు చేసుకున్న స్వీయపరీక్షల ఫలితాలు కూడా పోతాయి. కాలిఫోర్నియాలో పొగ పరీక్షకి వెళ్తే ఇంకా సిద్ధం కాలేదని వెనక్కి పంపుతారు. 1996 తర్వాతి కారైతే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. అంటే కంప్యూటర్ ఎంత పెట్రోలు అదనంగా పోస్తోందో చెప్పే శాతాలు. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఎక్కువగా ఉండి, 2500 చుట్లకి పెంచగానే మామూలైతే ఎక్కడో గాలి లీకవుతోంది. బరువు మీద పడేకొద్దీ పెరిగితే పెట్రోలు అందట్లేదు. అప్పుడు గొట్టాలు, ఆ తర్వాత వైర్లు, ఆఖర్న సెన్సార్లు. ఇరవై ముప్ఫై ఏళ్ళ కారులో ముందు ముసలిదయ్యేది రబ్బరే.

చివరిగా ఒక మాట. ఆ 16 పిన్నుల సాకెట్ అందరికీ ఒకేలా ఉండాలని పట్టుబట్టింది ప్రభుత్వం. దానివల్లే ఈరోజు వీధి చివర మెకానిక్కూ, మీరూ నేనూ కూడా కారు లాగ్ చదవగలుగుతున్నాం. బాగుచేసుకునే హక్కు కోసం మసాచుసెట్స్ జనం 2012లో ఓటేశారు. కార్లు వైర్‌లెస్‌గా నేరుగా కంపెనీకి సమాచారం పంపడం మొదలెట్టాక, 2020లో ఇంకోసారి ఓటెయ్యాల్సి వచ్చింది. మన కారు మన గాలి గురించి రాసుకున్న లాగ్ మనకే కనబడకుండా పోయే రోజు రాకూడదని నా కోరిక. అప్పటిదాకా, ఈసారి లైటు వెలిగినప్పుడు తిట్టుకునే ముందు ఒక స్కానరో, కారు మరీ పాతదైతే ఒక పేపర్ క్లిప్పో పట్టుకుని అదేం చెప్తోందో వినండి.